సరి అని రాసిన డబ్బాలు

నాకు అనుమానం జాస్తి. ఈ మాట నా వెనక అన్నవాళ్ళూ ఉన్నారు, మొహం మీదే అన్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు నేనే అంటున్నాను. హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కనున్న ఒక కార్ల వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. చివరి పదిహేనేళ్ళు అక్కడ ఫోర్‌మన్‌ని. కారు లోపలికి వస్తే బానెట్ ఎత్తకముందే దాన్ని తెచ్చిన మనిషిని ఎగాదిగా చూసేవాణ్ణి. "నిన్నటిదాకా బాగుండె మేస్త్రీ, ఈ పొద్దే శబ్దం వస్తాండాది" అని ఎవరైనా అంటే, అది నెల నుంచీ వస్తున్న శబ్దమేనని లోపల అనుకునేవాణ్ణి. చాలాసార్లు నా అనుమానమే నిజమయ్యేది. అట్లా నిజమవుతూ రావడమే నన్ను చెడగొట్టింది.

మీలో చాలామంది ఇప్పుడిప్పుడే స్పానర్ పట్టుకుంటున్నారు. బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలి, స్టీరింగ్ ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చాలి అని కనపడినప్పుడల్లా నన్ను అడుగుతుంటారు. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ ఆ రెండు ముక్కలు నా తలకెక్కడానికి ఒక మనిషికి ఉద్యోగం పోయింది, పేరు పోయింది. ముందు అది వినండి.

నేను ఫోర్‌మన్ అయిన కొత్తలో మాకు ఒకసారి దొంగ సరుకు వచ్చింది. డబ్బా మీద మంచి కంపెనీ అచ్చే ఉంది, లోపల ఉన్నది మాత్రం బ్రేక్ ఆయిల్ కాదు. అది పోసిన కారులో రబ్బర్లు ఉబ్బిపోయి చక్రాలు పట్టేశాయి. ఆ కారాయన పదిమందిలో నిలబెట్టి నన్ను దులిపేశాడు. ఆ అవమానం నేను మరిచిపోలేదు. అప్పటినుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాను. బ్రేక్ ఆయిల్ పెట్టె వచ్చిన రోజే అందులోని డబ్బాలన్నీ బల్ల మీద వరుసగా పెట్టేవాణ్ణి. ఒక్కొక్క మూతా తిప్పి, దాని కింద అతికించిన రేకు సీలు చింపి, చుక్క అరచేతిలో వేసుకుని రుద్ది, వాసన చూసేవాణ్ణి. మనసుకు నచ్చితే మళ్ళీ మూత బిగించి, దాని మీద తెల్ల పెయింటుతో 'సరి' అని రాసేవాణ్ణి.

సరి అని రాయని డబ్బా మా వర్క్‌షాపులో ఏ కారులోకీ పోయేది కాదు. కొందరు కస్టమర్లు "సరి రాసిన డబ్బానే పొయ్యండప్పా" అని అడిగి మరీ పోయించుకునేవాళ్ళు. నాకు ఛాతీ ఉబ్బేది. ఒక పెట్టె తెప్పిస్తే ఏడాదికి పైగా సరిపోయేది. డబ్బాలు పెట్టే గది, కార్లు నీళ్ళతో కడిగే షెడ్డుకు ఆనుకుని ఉండేది. ఆ గోడ ఎండాకాలంలో కూడా చెమ్మగానే ఉండేది.

బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలని కార్లతో వచ్చే పుస్తకాల్లో రాసి ఉంటుంది. అది అమ్ముకునేవాళ్ళ ఎత్తు అని నా గట్టి నమ్మకం. ఆయిల్ ఏమన్నా అన్నమా, పాచిపోవడానికి? ఒకసారి స్పేర్‌పార్ట్స్ అంగడతను నాకు పెన్ను లాంటి సాధనం ఒకటి ఊరికే ఇచ్చాడు.

"దీని మొన ఆయిల్లో ముంచన్నా. నీళ్ళు చేరిండాయో లేదో చెప్తాది. పచ్చ లైటు వస్తే బాగుండాది, ఎర్రది వస్తే మార్చల్ల" అన్నాడు.

"యాడ ముంచినా ఎర్రదే వెలిగేటట్టు చేసింటారులే, మీ సరుకు అమ్ముడుపోవల్ల కదా" అన్నాను.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నేను దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా సొరుగులో పడేశాను. కంటికి కనిపించిన ప్రతి సీలూ చింపిన నేను, చింపకుండా వదిలింది అదొక్కటే.

ఇక అసలు సంగతికి వస్తాను. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఒక సావుకారు కారు ఆరేళ్ళుగా మా దగ్గరికే వచ్చేది. ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. దాన్ని నడిపే డ్రైవర్ ముదిగుబ్బ దగ్గర పల్లె మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. పదహారేళ్ళుగా ఆ ఇంట్లోనే పని. మాట తక్కువ. సర్వీసుకు వచ్చినప్పుడు మిగతా డ్రైవర్లు టీ అంగడి దగ్గర ఉంటే, ఇతను బండి పక్కనే నిలబడి ఏం చేస్తున్నామో చూసేవాడు. అది నాకు నచ్చేది కాదు. మేం పార్టులు మార్చేస్తామని కాపలా కాస్తున్నాడా అని మంట.

సావుకారు పుస్తకం ప్రకారం పోయే మనిషి. ఆ ఏడాది దసరాకు ముందు ఫోన్ చేసి, బ్రేక్ ఆయిల్ మార్చేయమన్నాడు. మా దగ్గర బ్రేకుల పని అంతా ఒకే మేస్త్రి చూసేవాడు. వయసులో నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలిచేది. భాయ్ పాతది తీసేసి కొత్తది పోశాడు. నేను తేదీ రాసి బానెట్ లోపల చీటీ అంటించాను.

ఐదు నెలలు గడిచాయి. ఎండలు ముదురుతున్నాయి. ఒక మధ్యాహ్నం ఆ బండిని మరో బండికి కట్టి లాక్కొచ్చారు. ముందు భాగం ఎడమవైపంతా నుజ్జయింది. డ్రైవర్ నుదుటి మీద కట్టు ఉంది. వెనకే ఇంకో కారులో సావుకారు దిగాడు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

ముందురోజు సావుకారు వాళ్ళమ్మను, చుట్టాలను పెనుకొండ కొండ మీది నరసింహస్వామి దగ్గరికి తీసుకుపోయారట. మొక్కు తీర్చుకుని దిగుతుంటే, మూడో మలుపు దగ్గర బండి ఆగకుండా పోయి కొండ వైపు మట్టికట్టను గుద్దుకుంది. మిగతావాళ్ళకు గీరుకుపోవడాలే. ముసలామెకు మాత్రం కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. అదే లోయ వైపు పోయి ఉంటే ఏడుగురిలో ఎవరు మిగిలేవాళ్ళో చెప్పలేం.

"తొక్కితే పోయింది మేస్త్రీ" అన్నాడు డ్రైవర్. "పెడలు నేలకు తగులుకునింది. మల్లా తొక్కినా, మల్లా తొక్కినా. ఏమీ లే. అందుకే కట్టకు తిప్పినా."

"అంతకు ముందు?"

"బాగనే ఉండె."

"గేర్లో దిగినావా, న్యూట్రల్లోనా?"

"న్యూట్రల్లో. డీజిల్ మిగుల్తాదని అలవాటు. అది నా తప్పే."

మీరైతే ఏమనుకునేవాళ్ళు? అడగ్గానే తప్పు ఒప్పుకున్నాడు, నిజం చెప్పే మనిషే అనుకుంటారు. నేను అట్లా అనుకోలేదు. చిన్న తప్పు ఒప్పుకుని పెద్దది దాస్తున్నాడు అనుకున్నాను. సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. రాయిలా గట్టిగా ఉంది. చక్రాలు విప్పించాను. ప్యాడ్లు సగం కూడా అరగలేదు. ఎక్కడా కారడం లేదు. ఆయిల్ ట్యాంకులో గీత దాకా ఉంది, లేత రంగులో తేటగా ఉంది. బానెట్ కింద నా చేతిరాత చీటీ, తేదీతో సహా ఉండనే ఉంది.

తర్వాత స్టీరింగ్ ఆయిల్ మూత తీశాను. అది తారులాగా నల్లగా, మాడు వాసన కొడుతోంది. స్టీరింగ్‌ను ఆఖరిదాకా తిప్పి అట్లాగే బలంగా పట్టి ఉంచితే ఆ ఆయిల్ వేడెక్కి మాడుతుంది. మొరటుగా నడిపే మనిషి అని మనసులో ఇంకో గీత గీసుకున్నాను. ఆరేళ్ళలో మేం ఆ ఆయిల్ ఒక్కసారైనా మార్చామా అన్న ప్రశ్న నాకు తట్టలేదు.

అప్పుడు ఒక పాడుపని చేశాను. కట్టు ఎట్లా ఉందో చూస్తున్నట్టు డ్రైవర్ మొహం దగ్గరికి వంగి, అతని నోటి వాసన చూశాను. వక్కాకు వాసన వచ్చింది. వేరే వాసన దాచడానికే నమిలాడు అనుకున్నాను. ప్రమాదం జరిగింది నిన్న, నేను వాసన చూస్తున్నది ఈ రోజు! ఆ ఇంగితం కూడా నాకు లేకపోయింది.

"ఏమప్పా, ఏమంటావు?" అన్నాడు సావుకారు.

"బ్రేకుల్లో ఏ లోపమూ లేదు సావుకారూ" అన్నాను.

ఆ ఒక్క మాట చాలింది. సావుకారు చెయ్యి చాచాడు. డ్రైవర్ జేబులోంచి బండి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

"పదారేండ్లు నమ్మినాను కదా నిన్ను. తాగితివో, నిద్రపోతివో నాకు తెల్దు. మా అమ్మను చంపుతాంటివి. ఇంగ మా గడప తొక్కాకు."

డ్రైవర్ నా వైపు తిరిగాడు. "నా నోరు వాసన చూస్తివి కదా మేస్త్రీ. అడిగింటే చెప్పేవాణ్ణే. పుట్టి ఇంతవరకూ తాగిండ్లేదు." తువ్వాలు భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. దొరికిపోయినవాళ్ళంతా ఇట్లాగే మాట్లాడతారు అనుకున్నాను.

నాలుగు రోజుల్లో మాట ధర్మవరం అంతా పాకింది. తాగి సావుకారు వాళ్ళమ్మ చెయ్యి విరగ్గొట్టాడని టాక్సీ స్టాండులో చెప్పుకుంటున్నారని మా దగ్గరికి వచ్చిన ఒక డ్రైవరే అన్నాడు. ఆ మాట పడ్డ మనిషికి ఎవరైనా స్టీరింగ్ ఇస్తారా? రెండు చోట్ల అడిగితే లేదన్నారట. ఇంకా ఎక్కడెక్కడ అడిగాడో నాకు తెలియదు.

నా బుద్ధి ఒకచోట కుదురుగా ఉండేది కాదు కదా. డ్రైవర్ వంతు అయిపోయింది, ఇక అనుమానం భాయ్ మీదికి పోయింది. బండి బాడీ పని జరుగుతుండగా ఒకరోజు ఆయన్ని పక్కకు పిలిచాను. "నిజం చెప్పు భాయ్. దసరాకు ముందు చక్రాల కాడినుంచి పాత ఆయిల్ అంతా తీసినావా, లేక పైన ట్యాంకులోది మాత్రం పీకి కొత్తది పోసినావా?"

భాయ్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. "నాలుగు చక్రాలకూ కొత్త ఆయిల్ వచ్చేదాకా వదిలినా. నువ్వు సరి రాసిన డబ్బానే పోసినా. ఇరవై ఏండ్లాయె నాతో పనిచేస్తాండావు, ఇప్పుడు నన్ను దొంగ అంటాండావా?"

"దొంగ అన్లే, అడిగినా."

"నీ అడిగేది అట్లే ఉంటాది" అని ఆయన అవతలికి పోయాడు. మధ్యాహ్నం రోజూ ఇద్దరం ఒకే బల్ల దగ్గర క్యారేజీలు విప్పుకునేవాళ్ళం. ఆ రోజు నుంచి భాయ్ తన క్యారేజీ తీసుకుని గేటు దగ్గరికి పోయి తినడం మొదలుపెట్టాడు. నేను ఆ బల్ల దగ్గర ఒక్కణ్ణే రాగిసంగటి తినేవాణ్ణి.

పది రోజులకు బండి బాడీ పని అయింది. బ్రేకుల జోలికి మేం పోలేదు, బాగున్నాయని నేనే తేల్చాను కదా. దాన్ని అప్పజెప్పడానికి నేనే ధర్మవరం నడుపుకుపోయాను. చదును రోడ్డు, ఎక్కడా తేడా తెలియలేదు. సావుకారు అంగడికి పోయి ఉన్నాడు. వాళ్ళమ్మ చేతికి సిమెంటు కట్టుతో వరండాలో కూర్చుని ఉంది. మంచినీళ్ళు ఇప్పించి, నన్ను ఎగాదిగా చూసింది.

"వాడు తాగినాడని చెప్పింది నువ్వేనా?"

"నేను తాగినాడని అన్లేదు అవ్వా. బ్రేకులు బాగున్నాయన్నా."

"రెండూ ఒకటే కదప్పా" అంది ఆమె. "నేను వాని పక్క సీట్లోనే కూర్చోనుంటి. వాడు నిద్రా పోలే, తాగనూ లే. వాని కాలు సైకిల్‌కు గాలి కొట్టినట్టు కొట్టుకుంటానే ఉండె. నరసింహా నరసింహా అంటా, ఉత్త తొక్కేదే. మా వానికి చెప్తే, నీకు కళ్ళు కనపడవులే అమ్మా అంటాడు."

గ్లాసు కింద పెట్టాను. గాలి కొట్టినట్టు తొక్కడం! నిద్రపోయినవాడు తొక్కడు. తాగినవాడు ఒకసారి తొక్కి స్టీరింగ్ వదిలేస్తాడు. పెడల్ కింద పట్టు దొరకని మనిషే అట్లా ఆపకుండా కొడతాడు. కొడితే పట్టు వస్తుందని పాత డ్రైవర్లకు తెలుసు. ఆ మనిషి మొదటిరోజే నాకు ఈ మాట చెప్పాడు, మల్లా తొక్కినా, మల్లా తొక్కినా అని. నేను అతని నోరు వాసన చూసే హడావిడిలో చెవిన పెట్టలేదు.

అంగడికి పోయి, బండి ఇంకొక్క రోజు నా దగ్గర ఉండాలన్నాను. సావుకారు నొసలు ముడిచాడు. "బాగుండాదంటివి కదప్పా. మల్లా ఏమొచ్చె?"

"బాగుండాదో లేదో చూడల్ల" అన్నాను. ఆయన విసుక్కుంటూనే తల ఊపాడు.

అక్కడినుంచి నేరుగా ముదిగుబ్బ పోయాను. డ్రైవర్ ఊరు బయట వాళ్ళన్న గొర్రెల మంద దగ్గర ఉన్నాడు. దొడ్డికి ముళ్ళకంప సర్దుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఏం, మల్లా వాసన చూసేదానికి వచ్చినావా?"

"రేపు పొద్దున నాతో పెనుకొండకు రా. ఆ కొండ మల్లా దిగుదాం, అదే మాదిరి."

"నేనెందుకు రావల్ల? పోయిన పేరు పోనే పాయె."

"పెడలు పోతే, పోయిందని నేనే చెప్తా. అందరి ముందర."

చేతిలోని కంప దొడ్డికి అడ్డంగా వేసి లేచాడు. "నేనే నడుపుతా. నా కాలికే తెలుసు" అన్నాడు.

తెల్లవారి ఎండెక్కక ముందే బండి వెనక ఇసుక మూటలు వేసుకుని కొండ ఎక్కాం. భాయ్‌ని రమ్మని అడిగితే, బ్రేకుల మాట కాబట్టి వచ్చాడు, నాతో మాత్రం మాట్లాడలేదు. మలుపుల దగ్గర దారి మీదికి ఎవరూ రాకుండా చూసుకోవడం ఆయన వంతు. నేను డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి పెట్టుకున్నాను. మీకు చెబుతున్నాను, ఇట్లాంటి పని మీరు చేయొద్దు. మాకు ఆ రోజు వేరే దారి తోచలేదు.

మొదటిసారి దిగాం. పెడల్ పోలేదు. కిందికి వచ్చాక నా లోపల పాత పురుగు మళ్ళీ తొలిచింది. అబద్ధమేనేమో!

డ్రైవర్ నా మొహం చూసి కనిపెట్టాడు. "ఆ పొద్దు బండి నిండా జనం. ఎండ నెత్తిన ఉండె. ఇంగొకసారి ఎక్కుదాం, ఇప్పుడు చల్లారనీకుండా."

రెండోసారి దిగుతున్నప్పుడు మూడో మలుపు దాకా అంతా మామూలే. మూడో మలుపు దాటి, పక్కన మట్టికట్ట ఉన్న చోట అతని కాలు ఒక్కసారిగా కిందికి జారిపోయింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. హ్యాండ్‌బ్రేకు లాగాను, అతను గేరు వేశాడు. బండి మూలుగుతూ కట్ట పక్కన ఆగింది. ప్యాడ్లు మాడిన వాసన లోపలికి కొట్టింది. డ్రైవర్ ఇంజిను ఆపి కిందికి దిగాడు.

"నువ్వు కూర్చోని తొక్కు" అన్నాడు.

కూర్చుని తొక్కాను. తడి దూదిని తొక్కినట్టు కాలు నేల దాకా పోయింది. మళ్ళీ తొక్కాను, అంతే. అరగంట రాయి మీద కూర్చున్నాం. భాయ్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. చక్రాలు చల్లారాక మళ్ళీ తొక్కితే పెడల్ రాయిలా గట్టిగా ఉంది, వర్క్‌షాపులో నేను చూసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే.

డ్రైవర్ అప్పుడు ఏడ్చాడు. పక్కకు తిరిగి, తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

వర్క్‌షాపుకు వచ్చాక భాయ్ ముందు చక్రం దగ్గర నట్టు వదులు చేసి, టీ గ్లాసులో కొంచెం ఆయిల్ పట్టాడు. నేను సొరుగులోంచి ఆ పెన్ను తీసి కవరు చింపాను. మొన ముంచాను. ఎర్ర లైటు వెలిగింది.

అప్పటికీ బుద్ధి వచ్చిందంటారా? భాయ్ వైపు వేలు చూపించి, "చూసినావా, పాతది అట్లే ఉండాది" అన్నాను.

భాయ్ లోపలి గదికి పోయి, మూత మీద తెల్లగా 'సరి' అని రాసి ఉన్న డబ్బా తెచ్చి ఇంకో గ్లాసులో పోశాడు. "ముంచు" అన్నాడు. ముంచాను. ఎర్ర లైటు. ఇంకో సరి డబ్బా తెచ్చాడు. అదీ ఎర్రదే. పెన్ను మోసమేమోనని ఎదురుగా ఉన్న అంగడికి నేనే పోయి, సీలు తీయని డబ్బా తెచ్చి అందరి ముందు చింపి పోశాను. పచ్చ లైటు వెలిగింది.

బ్రేక్ ఆయిల్‌కు నీళ్ళ దాహం ఎక్కువ. గాలి తగిలితే చాలు, అందులోని చెమ్మను పీల్చుకుంటుంది. రేకు సీలు ఉన్నంతవరకూ లోపలికి గాలి పోదు. నేను వచ్చినవి వచ్చినట్టే అన్నిటి సీళ్ళూ చింపి, నీళ్ళ షెడ్డు పక్క గదిలో ఏడాది పొడుగునా పెట్టాను. వాసన చూసి సరి అని రాశాను. నీళ్ళకు వాసన ఎక్కడిది? ఆ నీళ్ళు కొండ దిగేటప్పుడు బ్రేకుల వేడికి ఆవిరై, పెడల్ తొక్కితే ఆ ఆవిరే నలిగింది తప్ప బ్రేకు పట్టలేదు. చల్లారగానే ఆవిరి మళ్ళీ నీరై, ఏమీ తెలియనట్టు కూర్చుంది. డ్రైవర్ తప్పు లేదు. భాయ్ తప్పు లేదు. దొంగ సరుకు ఇచ్చింది నేనే, అదీ నా చేతిరాతతో.

"భాయ్, నన్ను తిట్టు" అన్నాను.

"తిడితే నీకు సులువు అవుతాది" అన్నాడాయన. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం క్యారేజీ తెచ్చి బల్ల మీదే పెట్టాడు.

ఇచ్చిన మాట మిగిలింది. మరునాడు ధర్మవరం పోయాం, నేనూ డ్రైవరూ. సావుకారికి అంతా చెప్పాను. ఆయన బల్ల మీద పరిచిన పట్టుచీర మడిచి పక్కన పెట్టాడు. తర్వాత సొరుగులోంచి బండి తాళంచెవి తీసి డ్రైవర్ ముందు పెట్టాడు.

"తీసుకోప్పా. అయిందేదో అయింది."

డ్రైవర్ దాన్ని ముట్టుకోలేదు. "నేను చెప్తే నమ్మలే. అవ్వ చెప్తే నమ్మలే. లైటు వెలిగితే నమ్మినారు. మల్లొకసారి ఏమన్నా అయితే, మల్లా లైటు కోసం కాచుకోనుండల్ల. నాతో కాదులే సావుకారూ." లోపలికి పోయి ముసలామె కాళ్ళకు దండం పెట్టి వచ్చాడు. బయటికి వచ్చాక నాతో అన్నాడు, "ఈడ చెప్పేది చాలదు మేస్త్రీ. స్టాండు కాడికి రా."

టాక్సీ స్టాండులో అప్పుడు పదిహేను మంది డ్రైవర్లు ఉంటారు. నేను ఒక సరి డబ్బా చేతిలో పట్టుకుని నిలబడి, అయినదంతా చెప్పాను. ఇతను తాగలేదు, తాగినాడని అనుకునేటట్టు చేసింది నేను, ఆయిల్ చెడింది నా చేతిలో అని చెప్పాను. ఒకతను "నీ సరి డబ్బానే నా బండికీ పోసినారు కదప్పా" అని మీదికి వచ్చాడు. ఆ వారంలో మేం అట్లా పోసిన బండ్లన్నిటినీ వెతికి పిలిపించి, భాయ్ పొద్దస్తమానం ఆయిల్ మార్చాడు. సావుకారి బండికి స్టీరింగ్ ఆయిల్ కూడా అప్పుడే మార్చాం. ఆరేళ్ళ రిజిస్టరు తిరగేశాను, ఒక్కసారీ మార్చలేదు. అది నల్లబడింది డ్రైవర్ చేతి మొరటుతనం వల్ల కాదు, మా బద్ధకం వల్ల.

ఇక మీరు అడిగిన రెండు ముక్కలు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చండి, బండి తిరిగినా తిరగకపోయినా. కొండదారులు ఎక్కువ తిరిగే బండికి ఇంకా ముందే మార్చినా తప్పు లేదు. రంగు చూసి, వాసన చూసి తీర్పు చెప్పొద్దు. సీలు ఆ బండి పక్కనే తీయండి. డబ్బాలో మిగిలింది దాచుకోవద్దు. స్టీరింగ్ ఆయిల్‌కు అంత తొందర లేదు, నాలుగైదేళ్ళకోసారి చాలు. నల్లబడినా, మాడు వాసన కొట్టినా ముందే మార్చండి. ఇప్పటి చాలా బండ్లకు కరెంటు స్టీరింగే, వాటికి ఆయిలే ఉండదు. ఒకదాని ఆయిల్ ఇంకొకదానిలో పోస్తే రెండూ పాడవుతాయి. బండితో వచ్చిన పుస్తకం చదవండి. అది రాసినవాళ్ళ మీద నాకున్నంత అనుమానం మీరు పెట్టుకోవద్దు.

ఆ డ్రైవర్ తర్వాత ఒక స్కూలు వ్యాను నడపడానికి కుదిరాడు. రెండేళ్ళ తర్వాత, నేను రిటైరయ్యే ముందు, ఆ వ్యాను తీసుకుని మా వర్క్‌షాపుకే వచ్చాడు. నన్ను చూసి పలకరించలేదు గానీ, చంకలో సీలు తీయని బ్రేక్ ఆయిల్ డబ్బా ఒకటి ఉంది. మా దగ్గరివి అప్పటికి అన్నీ సీలున్నవే, ఆ మాట చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. భాయ్ చక్రాలు విప్పేదాకా బండి పక్కనే నిలబడ్డాడు. అంతకు ముందు అట్లా నిలబడితే నాకు మంటగా ఉండేది.

అంతా సిద్ధమయ్యాక అతనే మూత తిప్పి, రేకు సీలు తన గోరుతోనే చింపి, డబ్బా నా చేతికిచ్చాడు. చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుపోయింది. సగంలో అతని కళ్ళు చూసి ఆగిపోయాను.

"పొయ్యి మేస్త్రీ" అన్నాడు. "వ్యాను నిండా పిల్లోళ్ళు ఎక్కుతారు."

పోశాను. ఆఖరి చక్రం బిగించేదాకా అతను అక్కడినుంచి కదల్లేదు, నేనూ కదల్లేదు.